మూడు కొమ్మల గోడ

ఆ ఉదయం ఆకాశం కురవనూ లేదు, తెరిపి ఇవ్వనూ లేదు. పిండిన గుడ్డను ఆరెయ్యడం మరిచిపోయి వదిలేసినట్టు మబ్బు ముద్దగా ఇళ్ల కప్పుల మీద పడి ఉంది. గోడలు ఆరని రోజు. రంగులమ్మ గుమ్మంలో నిలబడి తల పైకెత్తి చూసి, "నువ్వూ ఎటూ తేల్చవు కదా" అని, డబ్బాల సంచి భుజాన వేసుకుంది.

మ్యూజియంలో భాషల గదికి నాలుగు గోడలు. మూడు గోడల మీద ఆమె వేసినవి అంచులు, అక్షరాలు, ఇటు నడవండి అటు నడవండి అని చెప్పే బాణం గుర్తులు. ఎవరైనా వెయ్యగలిగినవే. నాలుగో గోడ మీద మాత్రం చెట్టు. నేల నుంచి కప్పు దాకా లేచిన చెట్టు. కింద ఒకటే మాను. నడుమెత్తున అది మూడు కొమ్మలుగా చీలుతుంది. ఒకటి తుర్కు భాషలది, ఒకటి మంగోలు భాషలది, ఒకటి తుంగూసు భాషలది. ప్రతి ఆకు మీదా ఒక భాష పేరు. మాట్లాడేవాళ్లు పుష్కలంగా ఉన్న భాషకు పచ్చాకు, నలుగురు ముసలివాళ్ల నోళ్లలో మిగిలిన భాషకు పండుటాకు, ఎవరూ మిగలనిదానికి గాలిలో తేలుతూ నేలకు దిగుతున్న ఎండుటాకు. ఆ సంగతి ఆమెకు ఎవరూ చెప్పలేదు. సొంతంగా తట్టింది.

కొట్ల బోర్డులు, నీళ్ల ట్యాంకులు, బస్సుల పక్కలు, బడి గోడలు, ఎన్నికల గుర్తులు. ఇంతకాలం ఆమె కుంచె రాసినవన్నీ పరాయివాళ్ల పేర్లే. ఈ గోడ చూసి మ్యూజియం అధికారి, అందరూ మేడమ్ అనే ఆవిడ, "వేరు పక్కన నీ పేరు వేసుకో" అంది. అంతే అంది. రంగులమ్మ ఆ రోజు ఇంటికి వెళ్లి అద్దం ముందు నిలబడి తన పేరు గాలిలో వేలితో రాసుకుంది, ఎంత పెద్దగా వేస్తే బాగుంటుందో చూద్దామని.

కానీ గోడ మీద ఉన్నది సరైనదేనని ఇద్దరు పండితులు ఒప్పుకోవాలి. ఆ భాషల సంగతి తెలిసినవాళ్లు ఊరు మొత్తానికి ఇద్దరే. ఆ ఇద్దరూ తన ఇంట్లోనే ఉండటం ఆమె ఏ జన్మలోనో చేసుకున్న పాపం. ఒకరు కట్టుకున్నవాడు. రెండోవాడు తోడబుట్టినవాడు.

"రంగులమ్మా, పొరుగాయన వచ్చి కూర్చున్నాడు" అన్నాడు గేటు దగ్గర వాచ్‌మన్. "నాకంటే ముందొచ్చాడు. తాళం తియ్యమని నా మీద కేకలు."

ఆ పేర్లు పెట్టింది వాచ్‌మనే. ఆమె మొగుడు వేరాయన. మూడు భాషలదీ ఒకే వేరు అంటాడు గనుక. అన్నగారు పొరుగాయన. అవి చుట్టాలు కావు, ఇరుగుపొరుగులు అంటాడు గనుక.

పొరుగాయన గోడ ముందు కుర్చీ వేసుకుని, గొడుగు మోకాళ్ల మధ్య పెట్టుకుని, చెట్టు మొదలునే చూస్తున్నాడు. మేకను కొనడానికి వచ్చినవాడి చూపు.

"చెల్లాయ్, ఈ మాను తీసెయ్యాలి."

"అన్నయ్యా, నిన్న ఆకులు చూసి బాగున్నాయన్నావు."

"ఆకులు బాగున్నాయి. కొమ్మలు బాగున్నాయి. మాను అబద్ధం. మూడు చెట్లు వెయ్యి. పక్కపక్కనే వెయ్యి, కొమ్మలు ఒకదానిలో ఒకటి దూరినట్టు వెయ్యి, నాకేం అభ్యంతరం లేదు. గుర్రాలు తోలుకుంటూ వందల ఏళ్లు ఒకే గడ్డినేల మీద తిరిగినవాళ్లు. ఈ ఇంటి గరిటె ఆ ఇంట్లో దొరుకుతుంది. అంతమాత్రాన ఒక తల్లి పిల్లలైపోతారా?"

"ఆయనేమో..."

"ఆయన సంగతి నాకు చెప్పకు."

"ఇది బీరువాలకు పూసే చెక్కరంగు అన్నయ్యా. బెరడు నిజం బెరడులా రావాలని నలిపిన గుడ్డతో అద్దాను. దాని మీద తెల్లసున్నం వేస్తే నిలవదు. లక్క పూయాలి, అది ఆరాలి, అప్పుడు తెలుపు. ఈ మబ్బులో రెండు రోజులు పడుతుంది."

"సాయంత్రం మేడమ్ వస్తుంది. అప్పటికి అది కనపడకూడదు. లక్కా గిక్కా తర్వాత చూసుకో. పరువు నాది."

ఆమె ఒక నిమిషం నిచ్చెన పట్టుకుని నిలబడింది. శుక్రవారం ప్రారంభం. ఈయన ఒప్పుకుంటే సగం పని అయినట్టు. ఆయన సంగతి ఇంట్లో చూసుకోవచ్చు. పరంజా కింద బొంత పరిచి, తెలుపు కలిపి, వెడల్పు కుంచె ముంచింది. మాను మొదట్లో బెరడు పగుళ్లలో ఒక చీమల బారు వేసింది ఆమె, ఎవరూ చూడరని తెలిసి కూడా. దాని మీద కుంచె ఆడించేటప్పుడు పళ్లు బిగించింది. పొరుగాయన వెనక నుంచి, "అటువైపు ఇంకొంచెం, అటువైపు" అంటూనే ఉన్నాడు.

మధ్యాహ్నానికి మూడు కొమ్మలూ మొదలు లేకుండా గాలిలో వేలాడాయి.

"ఉట్టిలా ఉంది" అన్నాడు వాచ్‌మన్ తలుపు దగ్గర నుంచి.

*

ఇంట్లో ఒకే వంట, రెండు వడ్డనలు. ఏదో సభలో ఒకరి వ్యాసం మీద ఒకరు లేచి మాట్లాడుకున్న నాటి నుంచీ బావా బావమరుదులు కలిసి కూర్చుని తినలేదు. పైగదిలో ఉండే అన్నగారికి దీపాలు పెట్టేవేళకు క్యారియర్ పైకి వెళ్తుంది. కాస్త ఆగి మొగుడికి కింద పీట పడుతుంది. చివర్న ఆమె, వంటింటి గడప మీద, గిన్నెలోనే.

క్యారియర్ ఇవ్వడానికి పైకి వెళ్తే ఆయన వాదం సగం చెప్తాడు. కిందికి దిగితే ఈయన దానికి జవాబు చెప్తాడు. మళ్లీ ఖాళీ క్యారియర్ కోసం వెళ్తే ఆ జవాబుకు జవాబు. వాళ్లిద్దరూ ఒకరితో ఒకరు మాట్లాడుకోవడం మానేశారు గానీ వాదించుకోవడం మానలేదు. మధ్యలో మెట్లు ఎక్కి దిగేది ఆమె.

"గరిటె అప్పు తెచ్చుకుంటారే, ఒప్పుకుంటాను" అన్నాడు వేరాయన చెయ్యి కడుక్కుంటూ. "చక్రానికి పేరు, గుర్రం జీనుకు పేరు, రాజుకు బిరుదు, ఇవన్నీ పొరుగువాడి దగ్గర తెచ్చుకుంటారు. 'నేను' అనే మాట ఎవడన్నా అప్పు తెచ్చుకుంటాడా? మూడింటిలోనూ అది ఒక్కలాగే మొదలవుతుంది. మాటకు వెనకాల తోక మీద తోక తగిలించుకుంటూ పోవడం మూడింటికీ ఒకటే. అడుగు మీ అన్నని."

"అడిగాను. రెండు మూడు పొట్టి మాటలు కలిస్తే సరిపోదన్నాడు. అంకెలు ఎందుకు కలవలేదన్నాడు. కన్ను, చెయ్యి, నెత్తురు, వీటి పేర్లు ఎందుకు కలవలేదన్నాడు. పాతకాలానికి వెళ్లే కొద్దీ చుట్టాల పోలిక పెరగాలి గానీ తరుగుతుందేమిటి అన్నాడు."

వేరాయన గ్లాసు కింద పెట్టాడు. "అన్నాడా? నువ్వు భలే గుర్తుపెట్టుకున్నావే!"

"మెట్లెక్కేటప్పుడు మోకాళ్లు గుర్తుచేస్తాయి."

ఆ మాట ఆయన చెవిన పడలేదు. "అన్ని వేల ఏళ్లలో అరిగిపోయాయని చెప్పు. అరగవా? మెట్టు అరగడంలేదూ?"

"నువ్వే చెప్పు. పైన ఉన్నాడు. పన్నెండు మెట్లు."

ఆయన కంచం ముందుకు జరుపుకున్నాడు. తర్వాత, అన్నం కలుపుతూ, మామూలుగా అడిగినట్టే అడిగాడు. "గోడ ఎంతవరకు వచ్చింది?"

రంగులమ్మ కూర వడ్డించి, గరిటె గిన్నెలో పెట్టి, అప్పుడు చెప్పింది. "మాను తెల్లబెట్టించాడు."

ఆయన ముద్ద ఆగిపోయింది. "నువ్వు తెల్లబెట్టావా?"

"ఆయన నిలబడి..."

"నీ చేత్తో?"

"ఇంకెవరి చేత్తో? ఊళ్లో రంగులేసేది నేనొక్కదాన్నే. నువ్వు చెప్తే వేశాను, ఆయన చెప్తే చెరిపాను. రేపు ఇద్దరూ ఒకమాట అనుకుని చెప్పండి, దాన్నే వేస్తాను. నాకు శుక్రవారం లోపల గోడ కావాలి. అంతే."

"అంటే నీకు నిజం ఏదైనా ఒకటే."

"నాకు గోడ కావాలి" అంది ఆమె మళ్లీ.

"పుట్టింటి రక్తం" అన్నాడు వేరాయన, సగం తిన్న కంచంలో చెయ్యి కడుక్కుని లేస్తూ.

ఆమె ఆ కంచం తీసుకుని వెళ్లి తోముతూ, చాలాసేపు ఒకచోటే తోమింది.

*

మర్నాడు కూడా మబ్బు అలాగే ఉంది. వాచ్‌మన్ గేటు దగ్గర ఎదురొచ్చి నవ్వాలో వద్దో తెలియక మీసం తడుముకున్నాడు. "వెళ్లి చూసుకోండి. నేను ముట్టుకోలేదు. ఒట్టు."

తెలుపులోంచి మాను బయటికి వచ్చింది. ముందులా కాదు. అంచులు చెదిరి, పచ్చగా, ఎర్రగా, పసుపు నీళ్లు ఒలికిన దుప్పటిలా. బెరడు గీతలు ఒక్కొక్కటీ తేలాయి. చీమల బారు కూడా తేలింది. తేమకు చెక్కరంగు సున్నంలోకి ఊరింది. ఆమె చెప్పిందే జరిగింది. అన్నగారికి ఆ సంగతే గుర్తు చేద్దామని వెనక్కి తిరిగేసరికి ఆయన గుమ్మంలో నిలబడి ఉన్నాడు, మొహం జేగురురంగులో.

"రాత్రికి రాత్రి మళ్లీ వేశావన్నమాట."

"నేనా?"

"ఆయన వెయ్యమన్నాడు, వేశావు. నాతో చెప్పి ఉంటే బాగుండేది. కనీసం శుభ్రంగా వేసి ఉంటే బాగుండేది."

"అన్నయ్యా, నేను నిన్ననే చెప్పాను. లక్క పూయకపోతే రంగు ఊరుతుందని..."

"చిన్నప్పటి నుంచి చూస్తున్నాను నిన్ను. ఎవరు దగ్గరుంటే వాళ్ల మాట. పెళ్లయ్యాక ఇంకేముంది."

ఇంతలో వేరాయన కూడా వచ్చాడు. ఒక పుస్తకం చంకలో పెట్టుకుని గబగబా నడిచి వచ్చి, గోడ చూసి, ఆగి, మొహమంతా వెలుగైపోయాడు.

"చూశారా బావగారూ! ఎన్ని పూతలు పూసినా బయటపడుతుంది!"

"బయటపడలేదు బావగారూ. మీ ఆవిడ వేసింది."

"మా ఆవిడ మీ చెల్లెలు కూడానండీ. నిన్న మీరు చెరపమంటే చెరిపింది."

ఇద్దరూ 'మీరు'లోకి వచ్చారంటే ఇక వెనక్కి లాగడం ఎవరి తరమూ కాదు. రంగులమ్మ చెక్కరంగు డబ్బా తెచ్చి ఇద్దరి మధ్యా ఎత్తి పట్టుకుంది. "ఇదిగో, ఈ డబ్బా చూడండి. ఇది స్పిరిటుతో కలిపే రంగు. సున్నంలో ఆగదు. ఇందులో భాష లేదు, బంధుత్వం లేదు..."

"నువ్వుండమ్మా" అన్నాడు అన్నగారు.

"నువ్వుండవే" అన్నాడు మొగుడు.

ఆ ఒక్క విషయంలో మాత్రం ఇద్దరి గొంతులూ ఒక్కసారే లేచాయి.

ఆంబోతుల కుమ్ములాటలో లేగదూడ నలిగినట్టు అంటారు. లేగదూడ కనీసం అరుస్తుంది. రంగులమ్మ డబ్బా మూత బిగించి, పరంజా ఎక్కి, కప్పు దగ్గర మిగిలిపోయిన పండుటాకు ఒకటి దిద్దుతూ కూర్చుంది. కింద గరిటెలు, గుర్రాలు, 'నేను'లు ఎగురుతున్నాయి. తాము పట్టిన కుందేలుకు మూడే కాళ్లు అనేవాళ్లు ఒకరైతే సర్దుకోవచ్చు. ఇక్కడ ఇద్దరున్నారు, కుందేలు ఒకటే.

*

గురువారం పొద్దున్నే మేడమ్ ఇద్దర్నీ గోడ ముందుకు పిలిపించింది. ఆమె చెడ్డమనిషి కాదు. నిద్ర లేని మనిషి. జుట్టులో పెన్ను, చేతిలో తాళంచెవుల గుత్తి, బయట కుర్చీలు దింపుతున్న లారీ మీద ఒక చెవి.

"రేపు ఈపాటికి పెద్దమనుషులు ఈ గదిలో నిలబడతారు" అంది. "ఆ మరక చూపించి ఏం చెప్పమంటారు నన్ను?"

"ఉమ్మడి మూలం అని చెప్పండి" అన్నాడు వేరాయన.

"గోడ చెమ్మ అని చెప్పండి" అన్నాడు పొరుగాయన.

"మూడు కొమ్మల కింద 'దీని మీద పండితులకు ఏకాభిప్రాయం లేదు' అని ఒక వాక్యం రాయిద్దామా?"

"లేదని ఎవరన్నారు? ఒప్పుకోనిది కొందరే" అన్నాడు వేరాయన.

"ఒప్పుకునేదే కొందరు" అన్నాడు పొరుగాయన. "ఇప్పుడు ఎక్కువమంది మావైపే."

"తలలు లెక్కపెట్టి తేల్చడానికి ఇదేమన్నా పంచాయితీనా అండీ?"

"నిన్న మరకను సాక్షిగా పిలిచింది మీరేనండీ!"

మేడమ్ తాళంచెవుల గుత్తి బల్ల మీద పడేసింది. ఆ చప్పుడుకు ఇద్దరూ ఆగారు.

"ఒక్కటి" అంది. "మీ ఇద్దరికీ ఒప్పుదల అయినది ఒక్కటి చెప్పండి నాకు. అది చేస్తాను. లేకపోతే ఈ గదికి తాళం వేసి మిగతా మ్యూజియం తెరుస్తాను."

రంగులమ్మ నిచ్చెన దగ్గర నిలబడి, చేతిలో తడి గుడ్డ పిండుతూ, ఇద్దరి మొహాలూ మార్చి మార్చి చూసింది. ఒకమాట అనుకోండి. ఏ మాటైనా సరే. మూడు మాన్లు వెయ్యమంటే ఈ పగలే లక్క పూసి, పొయ్యి తెచ్చి ఆరబెట్టి వేస్తుంది. ఒక్క మాను వెయ్యమంటే ఇంకా సులువు.

వేరాయన గొంతు సవరించుకున్నాడు. "అసలు చిక్కంతా బొమ్మతోనే వస్తోందండి. చెట్టు అనగానే జనం ఏదో ఒకటి అనేసుకుంటారు."

పొరుగాయన బావ వైపు తిరిగాడు. చాలా కాలం తర్వాత సూటిగా చూశాడు. "అదీ. అది సరిగ్గా చెప్పావు బావా. ఇది భాషాశాస్త్రం, తోటపని కాదు."

"ఒక మ్యాపు పెడితే సరి. ఎక్కడ ఏ భాష మాట్లాడతారో రంగులు పూసి..."

"అచ్చువేసిన మ్యాపు. నా దగ్గర ఉంది కూడా. వేరు లేదు, కొమ్మ లేదు. చుట్టాలా పొరుగువాళ్లా అన్న గొడవే రాదు."

"నువ్వన్నదే నేనూ అంటున్నాను బావా."

"బొమ్మ వద్దు మేడమ్" అన్నారు, కాస్త ముందూ వెనకగా ఇద్దరూ.

మేడమ్ ఊపిరి వదిలింది. "ఆ మ్యాపునే సాయంత్రానికి పెద్దగా అచ్చు వేయించి తెచ్చి, ఆ గోడ మీదే అంటించెయ్యండి" అని, రంగులమ్మ వైపు చూసి, ఏదో చెప్పబోయి, లారీ హారను మోగితే బయటికి వెళ్లిపోయింది. గుమ్మంలో ఒకసారి ఆగింది. "మిగతా గోడల్లో ఎక్కడైనా వేసుకోమ్మా నీ పేరు" అంది.

అన్నగారు ఆమె భుజం తట్టాడు. మొహంలో నిన్నటి కోపం జాడ కూడా లేదు. "చూశావా? నీకోసమే ఒప్పేసుకున్నాం. ఇక నువ్వు ఎక్కడం దిగడం లేదు."

"మబ్బు కూడా విచ్చేట్టుంది" అన్నాడు మొగుడు కిటికీలోంచి చూస్తూ. పొరుగాయన తన గొడుగు అందించాడు. మ్యాపు తేవడానికి ఇద్దరూ కలిసి మెట్లు దిగారు. దిగుతూ ఒకరు చెప్పిన జోకుకు రెండోవారు నవ్వడం వరండా చివరిదాకా వినిపించింది.

వాచ్‌మన్ కాసేపటికి వచ్చి తలుపు కానుకుని నిలబడ్డాడు. "కొట్టుకున్నన్నాళ్లూ గోడ బతికింది రంగులమ్మా" అన్నాడు. "రాజీపడ్డారు, పోయింది."

ఆమె చేతిలో గుడ్డ నిచ్చెన మీద వేసింది. బకెట్‌తో నీళ్లు తెచ్చి గోడంతా తడిపింది. తడి బాగా నానేదాకా కూర్చుంది. తర్వాత లప్పం తీసే రేకు తీసుకుని పై నుంచి మొదలుపెట్టింది. ఆకులు పొరలుగా లేచి బొంత మీద పడ్డాయి. పచ్చవి, పండువి, ఎండువి. రేకు గోడను కొరికిన చోట పలచగా లప్పం పెట్టింది, ఆరిన చోట గరుకు కాగితంతో రుద్దింది. వాచ్‌మన్ చెప్పకుండానే వచ్చి నిచ్చెన పట్టుకున్నాడు. నోరు మాత్రం ఊరుకోలేదు. "వాళ్లెలాగూ పైన కాగితం అంటిస్తారు కదమ్మా. ఎందుకీ రెట్టింపు చాకిరీ?"

"ఇంకొకరి కాగితం కింద నా బొమ్మ పడుండటం నాకిష్టం లేదు."

మాను మాత్రం రేకుకు లొంగలేదు. గోడ లోపలికి దిగిపోయింది. అప్పుడామె లక్క డబ్బా తీసింది. మరక మీద ఒక పూత పూసి, ఇనప కుంపటి దగ్గరికి జరిపి ఆరబెట్టి, దాని మీద ఇంకో పూత పూసి, అప్పుడు తెలుపు వేసింది. మొదట్లోనే ఎలా చెయ్యాలని అందో అలాగే చేసింది. అరచేతితో తడిమి చూసింది. గోడ సాపుగా, చల్లగా, ఏమీ లేకుండా ఉంది.

మ్యాపు చుట్ట చెరో కొస పట్టుకుని బావా బావమరుదులు వచ్చేసరికి ఆమె కుంచెలు కడుగుతోంది. ఇద్దరూ గుమ్మంలోనే ఆగిపోయారు.

"చెట్టేదీ?" అన్నాడు వేరాయన.

"తీసేశాను."

"తీసెయ్యమని ఎవరన్నారు? మ్యాపు దాని మీదే అంటిద్దామనుకున్నాం. ఎప్పుడైనా మళ్లీ..."

"కొమ్మలైనా ఉంచాల్సింది చెల్లాయ్" అన్నాడు పొరుగాయన. గొంతు తగ్గింది. "ఆకులు బాగున్నాయన్నాను కదా నేను. ఆ రాలిపోయే ఆకులు..."

రంగులమ్మ కుంచెలు గుడ్డలో చుట్టింది. గోడలు తిరిగి ఒకసారి చూసింది. అంచులు, అక్షరాలు, బాణం గుర్తులు. ఎక్కడా పేరు వెయ్యలేదు. సంచి భుజాన వేసుకుని ఇద్దరి మధ్య నుంచి, మ్యాపు కింద నుంచి వంగి, బయటికి నడిచింది.

*

పొద్దు వాలేవేళకు వంట అయింది. క్యారియర్ బయటికి తియ్యలేదు. మెట్ల కింద నిలబడి, "అన్నయ్యా, అన్నానికి రా" అని పిలిచింది. పైన కుర్చీ జరిగిన చప్పుడు, తర్వాత చాలాసేపు ఏమీ లేదు, తర్వాత ఒక్కొక్క మెట్టే దిగే చెప్పుల చప్పుడు.

కింద మూడు పీటలు వేసి ఉన్నాయి. వేరాయన అప్పటికే ఒకదాని మీద కూర్చుని మూడో పీట వైపు చూస్తున్నాడు.

"ఒకటయ్యారు కదా. ఇక నుంచి ఒకే వడ్డన" అంది రంగులమ్మ. ముందు తన కంచంలో పెట్టుకుంది. తర్వాత గిన్నెలు మధ్యలోకి జరిపింది. "ఎవరికి కావాల్సింది వాళ్లు పెట్టుకోండి."

బావలిద్దరూ ఒకరి తర్వాత ఒకరు గరిటె అందుకున్నారు. గరిటె గిన్నెకు తగిలిన చప్పుడు పెద్దగా వినిపించింది. అన్నగారు మాట్లాడటానికి నోరు తెరిచి, ఆమె గోళ్ల చుట్టూ ఇంకా పోని తెల్లసున్నం చూసి, మూసుకున్నాడు.

మొదటి ముద్ద నోట్లో పెట్టుకోగానే ఆమెకు తెలిసింది, కూరలో ఉప్పు వెయ్యడం మరిచిపోయిందని. లేవలేదు. ఉప్పు డబ్బా గూట్లో, మొగుడి చేతికి అందేంత దూరంలోనే ఉంది. ఆయన నమిలాడు. నమలడం ఆపాడు. గూటి వైపు చూసి, ఆమె వైపు చూసి, మళ్లీ నమిలాడు. అన్నగారు ఒక్కసారి బావ మొహంలోకి చూశాడు. బావ తల వంచుకున్నాడు. ఆయన కూడా వంచుకున్నాడు.

ముగ్గురూ ఆ చప్పటి కూరతోనే, మాట లేకుండా, కంచాలు ఖాళీ అయ్యేదాకా తిన్నారు.